పొట్టు లేని చుక్కలు

ఇరవై మూడో ఏడు, మృగశిర కార్తె, రెండో రోజు

ఇది రేకుల ఇంటి పుస్తకం. ఏ రోజు ఎన్ని రేకులు పోశామో, ఎంత నూనె పట్టిందో, అంచున ఎంత వెలుతురు వచ్చిందో రాసుకోవడానికి పెట్టింది. మనుషుల సంగతులు ఇందులో రాసే అలవాటు నాకు లేదు. ఈరోజు రాయక తప్పడం లేదు.

ఉత్తరపు బొగ్గు బాయిలోకి ఏటి నీళ్లు చొరబడ్డాయి. బతికి బయటపడ్డ రెండు వందల ఇరవై ఎనిమిది మంది నాలుగు సాయంత్రాలు నడిచి మా బాయి దగ్గరికి చేరారు. పగళ్లు కల్వర్టుల కింద పడుకున్నారట. ఎండకు చిక్కినవాళ్లు చిక్కినచోటే ఉండిపోయారు. మేం నాలుగు వందల పన్నెండు మందిమి. పైన ఎండ బతకనివ్వక భూమి కిందికి దిగిన నాటి నుంచి, ఈ ఇరవై మూడేళ్లలో ఇన్ని పేర్లు ఒక్కరోజే హాజరు పట్టీలో ఎక్కడం ఇదే మొదటిసారి.

మా బాయికి మొండయ్య అన్న పెద్ద. గింజల పంపకం, నీళ్ల పంపకం ఆయన చేతిలో ఉంటాయి. వచ్చినవాళ్లకు గంజి పోయించి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"భూలక్ష్మీ, మూడో గ్యాలరీ ఎప్పటి సంది చీకట్ల ఉన్నది?"

"మొదటి సంది, అన్నా."

"గిప్పుడున్న గింజలు సంక్రాంతి దాక వస్తయి. ఆ ఎన్క అందరం ఒకల మొఖం ఒకలం చూసుకునుడే. నువ్వు ఎలుగియ్యి, నేను వరి పెట్టిస్త."

ఇస్తానన్నాను.

ఒక్క రేకు పోయడానికే నాకు రెండు రోజులు పడుతుంది. మూడో గ్యాలరీకి, అంటే ఇంకా పంట వెయ్యని సొరంగానికి, నలభై రేకులు కావాలి. రెండో గ్యాలరీ రేకులు ముసలివైపోయాయి, వాటి బదులు ఇంకో నలభై నాలుగు.

ఇరవై మూడో ఏడు, ఆరుద్ర కార్తె, తొమ్మిదో రోజు

ఈ పుస్తకం తర్వాత ఎవరి చేతికి వస్తుందో తెలియదు గనక పని వివరంగా రాస్తున్నాను.

పాత బొగ్గు పనివాళ్ల టోపీ లైట్ల బ్యాటరీలు గోదాములో గుట్టలుగా ఉన్నాయి. వాటిలో కాడ్మియం దొరుకుతుంది. పాత జిరాక్స్ మిషన్ల డ్రమ్ముల మీద సెలీనియం దొరుకుతుంది. రెండింటినీ కాగుతున్న నూనెలో కలిపి వండితే గింజలు కడతాయి. ఒక ఇసుక రేణువును అడ్డంగా లక్ష ముక్కలు కోస్తే ఒక ముక్క ఎంతుంటుందో అంత గింజ. వీటిని క్వాంటం చుక్కలంటారు, మేం ఉత్త చుక్కలంటాం. తొందరగా దించితే ఆకుపచ్చగా వెలుగుతాయి, ఇంకాస్త ఉడికితే ఎర్రగా వెలుగుతాయి. కరిగిన ప్లాస్టిక్‌లో ఈ చుక్కలు ఉండ కట్టకుండా కలిపి రేకు పోస్తే, ఆ రేకు పైనున్న ఎండను మింగి ఎర్ర వెలుతురుగా కక్కుతుంది. ఆ వెలుతురు రేకు లోపలే చిక్కుకుని అంచుల దాకా జారుతుంది. అంచులకు కట్టిన గాజు తీగలు దాన్ని రెండు వందల మీటర్ల కిందికి, వరి మీదికి తీసుకొస్తాయి.

ఇక్కడే పొట్టు సంగతి. గింజకు పొట్టు ఉన్నట్టే చుక్క మీద జింకు, గంధకం కలిసిన పొర వెయ్యాలి. నాకు పని నేర్పిన శంకరలింగం సారు మూడు పొరలు వేసేవాడు. పొరపొరకూ కొత్త నూనెలో మళ్లీ వండాలి. నూనెంటే పల్లీ నూనె, మనుషులు తినేదే.

ఎనభై నాలుగు రేకులకు మూడు పొరల పొట్టు వెయ్యాలంటే, ఈ ఏడు ఏ ఇంటి కంచంలోనూ నూనె చుక్క పడదు. కొత్తగా వచ్చిన పిల్లల పక్కటెముకలు నేను చూశాను.

ఒక్క పొరే వేశాను. పొట్టు పలచనైతే వెలుతురు తగ్గుతుంది, అందుకని చుక్కలు రెట్టింపు కలిపాను. సారు ఉంటే ఒప్పుకునేవాడు కాదు. పొట్టు వెలుతురు కోసం ఒక్కటే కాదు, లోపలున్నది విషం, అది బయటికి రాకూడదు అని నాకు మొదటి రోజే చెప్పాడు. ప్లాస్టిక్ లోపల ఉన్నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

మొండయ్య అన్న నూనె లెక్క విని సంతోషపడ్డాడు. ఎట్లా తగ్గిందని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇరవై మూడో ఏడు, ఉత్తర కార్తె, ఐదో రోజు

మూడో గ్యాలరీలో వెలుతురు పడింది.

గాజు తీగల మూతలు తీసేసరికి గోడలూ పైకప్పూ ఎర్రగా మెరిశాయి. ఉత్తరపు బాయి మనుషులు చప్పట్లు కొట్టలేదు, కూర్చుండిపోయారు. ఒక ముసలాయన మడిలో దిగి బురద చేతుల్లోకి తీసుకుని ఏడ్చాడు. మా అక్క సారక్క నా భుజం మీద చెయ్యి వేసి, "అవ్వ ఉంటే నిన్ను సూసి మురుస్తుండె" అంది.

అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. రేకులు కడిగే ఆడవాళ్లు పదకొండు మందికి ఆమె పెద్ద. పైన దుమ్ము ఒక్కరోజులో రేకును కప్పేస్తుంది, అందుకే తెల్లవారక ముందే పదకొండు మందీ నిచ్చెన మెట్లెక్కి వెళ్లి, ఎండ పదునెక్కేలోగా కడిగి దిగుతారు. ఆ నీళ్లను పారబొయ్యం. ఏ గ్యాలరీ రేకుల నీళ్లు ఆ గ్యాలరీ పొలం తొట్టిలోకి పైపుల మీద దిగుతాయి.

నీళ్ల విషయంలో ఒక మార్పు వచ్చింది. మా బాయిలో ఊరే నీళ్లు పుల్లగా ఉంటాయి, ఇనుప బకెట్‌ను రెండేళ్లలో తినేస్తాయి. తాగే నీళ్లలోనూ కడిగే నీళ్లలోనూ సున్నం కలిపేవాళ్లం. ఇప్పుడు మనుషులు పెరిగారు, సున్నం తాగే నీళ్లకే చాలడం లేదు. కొత్త రేకులను పుల్ల నీళ్లతోనే కడగమని మొండయ్య అన్న చెప్పాడట. రేకులేమన్నా తాగుతాయా అన్నాడట. అక్క చెబితే నేనూ నవ్వాను.

ఇరవై ఐదో ఏడు, హస్త కార్తె, పదో రోజు

రెండేళ్లలో నాలుగు కోతలు కోశాం. మూడో గ్యాలరీ అందరినీ నిలబెట్టింది. అంచు వెలుతురు పదోవంతు తగ్గింది. ఎండకు రేకుల మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాయి, వాటివల్లే తగ్గిందని రాసుకున్నాను.

అక్క నడక మారింది. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు బాతులాగా అటూ ఇటూ ఒరుగుతోంది. నడుములో సూదులు గుచ్చినట్టుంటుందని అంటోంది. దవాఖాన చూసే గ్రేసమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఈ బాయిలో ఉన్న ఒక్క నర్సు ఆమే.

"ఎండ తగలని బొక్కలు గట్లనే మెత్తబడతయి భూలక్ష్మీ. అందరికున్నదే. కడుగుడు అయినంక ఇంకో పావుగంట పైన కూసోమను" అంది గ్రేసమ్మ.

అక్క కూర్చుంటోంది. మిగతా వాళ్లనూ కూర్చోబెడుతోంది.

ఇరవై ఆరో ఏడు, పుష్యమి కార్తె, మూడో రోజు

కడిగే వాళ్లలో లచ్చవ్వ మెట్టు దిగుతూ కాలు కొంచెం గట్టిగా మోపింది. తొడ ఎముక విరిగింది. పడలేదు, జారలేదు, ఉత్త కాలు మోపినందుకే. పోయిన నెల రాజమ్మకు మణికట్టు విరిగింది, తడి గుడ్డ పిండుతూ. పదకొండు మందిలో ఆరుగురికి నడుము నొప్పి, నలుగురికి ఆ బాతు నడక.

గ్రేసమ్మ సాయంత్రం రేకుల ఇంటికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"నేను చెప్పింది తప్పు భూలక్ష్మీ. ఎండ లేకుంటే పాడయ్యే బొక్కలైతే కిందున్నోళ్లకు ముందు పాడుగావాలె. రోజూ పైకి పోయేటోళ్లకే ఎందుకైతున్నయి?"

"నాకేం తెలుసు సిస్టరమ్మా?"

"వాళ్లు ముట్టేది నీ రేకుల్నే కదా. అందుకే అడుగుతున్న."

ఆమె వెళ్లాక పైనుంచి ఒక రేకు దింపించి అంచు నుంచి ముక్క కోశాను. చుక్కలను వెలిగించే ఊదా దీపం కింద పెట్టి, కోసిన మందం వైపు చూశాను. నడిమి అంతా ఎర్రగా నిప్పులాగా వెలుగుతోంది. పై ముఖం వైపు మాత్రం గోరు మందం నల్లటి చార ఉంది. అక్కడ చుక్కల్లేవు. పగుళ్లు ఉన్నచోట ఆ నలుపు వేళ్లలాగా ఇంకా లోపలికి దిగింది.

చుక్కలు చచ్చిపోతే అక్కడే ఉంటాయి, వెలగవు, అంతే. ఊదా దీపం ఆర్పి మామూలు దీపం ముందు పెట్టి చూశాను. చచ్చిన చుక్కలున్న ప్లాస్టిక్ గోధుమ రంగులో ఉండాలి. ఇది గాజులాగా తెల్లగా ఉంది. అవి పుల్ల నీళ్లకు కరిగి వెళ్లిపోయాయి.

ఇరవై ఆరో ఏడు, పుష్యమి కార్తె, నాలుగో రోజు

రెండో గ్యాలరీ రేకులు కడిగిన నీళ్లు ఒక గ్లాసులో పట్టుకొచ్చాను. పొట్టు వెయ్యడానికి వాడే గంధకపు ద్రావణం నాలుగు చుక్కలు వేశాను.

నీళ్లు పచ్చబడ్డాయి. పసుపు కలిపినట్టు. కాడ్మియం ఉంటేనే ఆ రంగు వస్తుంది.

పాత రేకులతో నడిచే మొదటి గ్యాలరీ నీళ్లు కూడా చూశాను. అవి శంకరలింగం సారు మూడు పొరల పొట్టుతో పోసినవి. ఆ నీళ్లకు రంగు రాలేదు.

మూడో గ్యాలరీ బియ్యం ఒక శేరు కాల్చి, బూడిదను ఆమ్లంలో కరిగించి అదే పని చేశాను. లేత పసుపు వచ్చింది.

ఇరవై ఆరో ఏడు, ఆశ్లేష కార్తె, రెండో రోజు

పదకొండు రోజులుగా ఏమీ రాయలేదు. చేసిన పని రాస్తాను.

రోజూ పొద్దున లేచి అక్కకు గంజి కాచి ఇచ్చాను. ఆమె ఒరుగుతూ మెట్ల దాకా నడిచి వెళ్లింది. మెట్లెక్కలేకపోతోంది గనక గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టి గిరక మీద పైకి లాగుతున్నారు. పైన కూర్చునే కింది వరస రేకులు కడుగుతోంది. తిరిగొచ్చాక ఆమె చేతులు చూసేదాన్ని. వేళ్ల సందుల్లో నీళ్లకు తెల్లబారిన చర్మం. అయినా నోరు తెరవలేదు. రేపు చెబుదాం అనుకునేదాన్ని.

ఈరోజు మొండయ్య అన్నతో చెప్పాను. పొట్టు సంగతి, నూనె సంగతి, మొత్తం. ఆయన చేతిలో ఉన్న తాళాల గుత్తిని బల్ల మీద పెట్టాడు.

"సున్నం బందు పెట్టింది నేను. పొట్టు బందు పెట్టింది నువ్వు" అన్నాడు. "ఇద్దరం కలిసి మంచిగనే చేసినం."

"రేకులు దించాలె, అన్నా."

"కోతకు ఎన్ని రోజులున్నది?"

"యాభై."

"దించితే పొట్టకొచ్చిన వరి సస్తది. ఆరు వందల మందికి ఏం పెట్టాలె? పిల్లలు నెలల సస్తరు. దించకుంటే పెద్దోళ్లు ఏండ్ల మీద సస్తరు. నువ్వే చెప్పు, ఏది చెయ్యాలె?"

"కడిగేటోళ్లకన్న చెప్పాలె గద."

"చెప్తే కడుగుతరా?"

సున్నం సగం కడిగే నీళ్లకు మళ్లిస్తానని, కోత దాకా ఎవరికీ చెప్పవద్దని అన్నాడు. సరేనన్నాను. నేను సరేనన్నానని ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇరవై ఆరో ఏడు, మఖ కార్తె, మొదటి రోజు

అక్క మంచం మీద దగ్గింది. పక్కన కూర్చున్న నాకు చప్పుడు వినబడింది, ఎండు పుల్ల విరిగినట్టు. పక్కటెముకలు రెండు. అరవలేదు. ఊపిరి సగంలో ఆపి నా చెయ్యి పట్టుకుంది.

గ్రేసమ్మ కట్టు కట్టి బయటికి వెళ్లాక అక్కకు అంతా చెప్పేశాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"నీకెన్ని రోజులాయె తెలిసి?"

"ఇరవై మూడు రోజులు."

వేళ్ల మీద కాకుండా పెదవులతో లెక్క పెట్టుకుంది. "ఇరవై మూడు రోజులు నేను పైకి పోయిన. నువ్వు గంజి పోసి తోలినవ్."

"అవునక్కా."

"నాతోని కడిగేటందుకు గౌరమ్మ పైకొచ్చింది. దాని బిడ్డ పైకొచ్చింది. ఆ పిల్లకు నాలుగో నెల కడుపు."

నాకు ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం సాకు కాదు.

"ఏడ్వకు" అంది అక్క. "నువ్వేడిస్తే నేను ఓదార్చాలె, నాకు ఊపిరి చాలది. నీ పుస్తకం పట్టుకరా. నన్ను కుర్చీల కూసోబెట్టి అన్నాల కాడికి మోయించు."

మధ్యాహ్నం అందరూ తింటున్న చోట, అక్క కుర్చీ పక్కన నిలబడి, ఇరవై మూడో ఏటి ఆరుద్ర కార్తె నుంచి నిన్నటి దాకా ఈ పుస్తకంలో ఉన్నది చదివాను. మొండయ్య అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు, అడ్డుపడలేదు. చదువుతుండగానే కొందరు కంచాలు కింద పెట్టారు. కొందరు ఇంకా తొందరగా తిన్నారు. వాళ్లను చూసి నాకు కోపం రాలేదు. ఆకలి అట్లాంటిది.

చదవడం అయ్యాక ఉత్తరపు బాయి ముసలాయన, ఆనాడు మడిలో ఏడ్చినాయన, నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"మేం రాకపోతే నువ్విది చెయ్యకపోదువు, అంతే కద బిడ్డా?" అన్నాడు.

ఆ మాటకన్నా కొట్టినా బాగుండేది.

గౌరమ్మ లేచి నిలబడింది. "రేపటి సంది కొత్త రేకుల మీద మేం చెయ్యి పెట్టం. ఎవలకన్న ఎలుగు గావాల్నంటే వాళ్లే పోయి కడుక్కోండ్రి" అని కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఎవరూ వాళ్లను ఆపలేదు.

ఇరవై ఆరో ఏడు, పుబ్బ కార్తె, ఎనిమిదో రోజు

కడగకపోతే దుమ్ము తన పని తాను చేసుకుంటుంది. రెండో గ్యాలరీ, మూడో గ్యాలరీ రోజురోజుకూ మసకబారుతున్నాయి. నిన్న మూడో గ్యాలరీలో మనిషి ముఖం ఆనవాలు పట్టలేకపోయాను. వరి పాల మీద ఉంది, గింజ గట్టిపడకుండానే తాలు పోతుంది.

కడుగుతామని పదిమంది మగవాళ్లు ముందుకొచ్చారు. గ్రేసమ్మ వాళ్లను మెట్ల దగ్గరే నిలేసింది. "కడిగి ఆ నీళ్లను తొట్టిల పొయ్యకుంట ఉండగలరా? నీళ్లు లేకుంట వరి పండియ్యగలరా? మీ చేతులు ఒక్కటే కాదు, అందరి కంచాలున్నయి దీన్ల" అంది. అందరూ వెనక్కి తిరిగారు.

ఒంట్లో చేరినదాన్ని బయటికి తీసే మందు తన దగ్గర లేదని కూడా ఆమె అందరికీ చెప్పింది. అది కిడ్నీల్లో, ఎముకల్లో కూర్చుంటుంది. ఇక ముందు తినకుండా ఉండడమే వైద్యం.

ఇరవై ఆరో ఏడు, హస్త కార్తె, ఆరో రోజు

అన్నాల దగ్గర ఇప్పుడు రెండు వరసలు. ఒక వరసకు మొదటి గ్యాలరీ బియ్యం. పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు, ముప్పై లోపు వాళ్లకు. రెండో వరసకు గోదాములో మిగిలిన రెండో, మూడో గ్యాలరీల బియ్యం, పసుపు తేలినవి. యాభై దాటినవాళ్లంతా రెండో వరసలోకి వాళ్లంతట వాళ్లే వచ్చారు. నడిమి వాళ్లు ఒకరోజు ఇటు, ఒకరోజు అటు.

నాకు నలభై ఏడు. రోజూ రెండో వరసలోనే నిలబడుతున్నాను. దాన్ని గొప్పగా ఎవరూ చూడలేదు, అదే న్యాయం.

మొండయ్య అన్న తాళాల గుత్తి గ్రేసమ్మకు ఇచ్చేశాడు. మా వరసలో నా వెనకే నిలబడతాడు.

ఇరవై ఆరో ఏడు, చిత్త కార్తె, పన్నెండో రోజు

మొదటి గ్యాలరీ ఒక్కటే ఇంతమందిని మోయలేదు. ఆరు రోజుల కిందట సాయంత్రం పొద్దు వాలుతుండగా నూట పద్దెనిమిది మంది పడమటి బాయికి బయల్దేరారు. అక్కడ చోటుందని రేడియోలో కబురు వచ్చింది. ఎక్కువ మంది ఉత్తరపు బాయి వాళ్లే. ఎవరూ పొమ్మనలేదు. వచ్చినవాళ్లం మేమే గనక పోవాల్సిందీ మేమే అని వాళ్లే అనుకున్నారు. ఆ ముసలాయన కూడా వెళ్లాడు. మొదటి గ్యాలరీ విత్తనాల మూట ఒకటి ఆయన నడుముకు కట్టి పంపాం.

ఈరోజు రేడియోలో చెప్పారు. డెబ్బై నలుగురు చేరారట. పేర్లు చదివారు. ముసలాయన పేరు వినబడలేదు. విత్తనాలు చేరాయా అని అడిగాం. చేరాయి, ఎవరో మోసుకొచ్చారు అన్నారు.

ఇరవై ఆరో ఏడు, స్వాతి కార్తె, నాలుగో రోజు

రేకుల పని మళ్లీ నాకే అప్పగించారు. ఇంకెవరికీ రాదు. వచ్చి ఉంటే నన్నీ గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. ఇద్దరు ఆడవాళ్లకు నేర్పుతున్నాను, ప్రతి పనీ ఎందుకో కూడా చెబుతూ.

విషం కారే ఆ ఎనభై నాలుగు రేకులనూ దింపి పొడి గ్యాలరీలో పేర్చి, దాని నోటికి గోడ కట్టించాను. నూనె ఇళ్లిళ్లూ తిరిగి అడిగాను. కొందరు సీసా ఇచ్చారు, కొందరు గిన్నెలో అడుగున ఉన్నది వంచి పోశారు. లచ్చవ్వ మంచం మీద నుంచే, "దేవుని దీపానికని దాసుకున్న, కొంచపో" అంది. మూడు పొరలు వండుతున్నాను. ప్లాస్టిక్‌కు పైనా కిందా చుక్కలు కలపని ఉత్త పొర కూడా పోస్తాను, పగుళ్లు వచ్చినా నీళ్లు లోపలికి అందకుండా.

ఈ మాటలు అక్కకు చెబుతుంటే వింటూ పడుకుంది. పదిహేను రోజులుగా ఆమెకు మూత్రం సరిగా రావడం లేదు. ముఖం ఉబ్బింది.

"మంచియేనా గివి?" అంది.

"పరీక్ష చేస్తనక్కా. మూడు రోజులు పుల్ల నీళ్లల్ల నానబెట్టి, గంధకం వేసి చూస్త. పచ్చబడకపోతే మంచియే."

"నీ గ్లాసుల రంగులు నాకెర్క లేవు. గౌరమ్మకూ ఎర్క లేవు." మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంది. "నానిన నీళ్లు నువ్వు తాగు. వాళ్ల ముందట తాగు. ప్రతి రేకుకు. గప్పుడు వాళ్లు కడుగుతరు."

"తాగుతనక్కా."

"నిన్ను సంపాలని కాదు చెల్లే."

"తెలుసు."

"తాగాల్నంటే మంచిగ చేస్తవ్" అంది.

ఇరవై ఆరో ఏడు, విశాఖ కార్తె, మొదటి రోజు

సారక్క పోయింది. పొద్దున గంజి కాచి తీసుకెళ్లేసరికి లేదు. మోస్తున్నప్పుడు ఎక్కడ పట్టుకున్నా విరుగుతుందేమోనని నలుగురమూ దుప్పటి అంచులే పట్టుకున్నాం. ఎండ తగ్గాక పైన మట్టి చేశాం. కడిగే వాళ్లలో నడవగలిగిన వాళ్లు ఏడుగురు వచ్చారు. ఇంటికొచ్చాక గౌరమ్మ గిన్నెలో అన్నం పెట్టి గడపలో ఉంచి వెళ్లింది.

ఇరవై ఆరో ఏడు, అనూరాధ కార్తె, ఏడో రోజు

మొదటి రేకు నానబెట్టిన మూడు రోజులు ఈ పొద్దుకు నిండాయి. గంధకం వేసిన గ్లాసులో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మరీ కొంచెం ఉంటే ఈ రంగుకు అందదు. ఆ మాట కడిగే ఏడుగురికీ ముందే చెప్పాను.

వాళ్లు రేకుల ఇంట్లో గోడ పొడుగునా నిలబడ్డారు. గౌరమ్మ కూతురు ఎత్తు కడుపుతో తలుపు దగ్గర కూర్చుంది. తొట్టి లోంచి గౌరమ్మే గ్లాసు ముంచి ఇచ్చింది. తాగాను. గొంతు దిగేదాకా పళ్లు జివ్వుమన్నాయి. ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాను.

"ఇప్పుడు ఎక్కుతరా?" అని అడిగాను.

"రేపు సూస్తం" అంది గౌరమ్మ. "పొద్దున నువ్వు లేసి మెట్ల కాడికి నడిచి రా. వస్తే ఎక్కుతం."

ఒక్క రోజులో ఏమీ తేలదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. గ్రేసమ్మకు ఇంకా బాగా తెలుసు, గోడవైపు తిరిగి నిలబడింది. మా దగ్గర ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఇరవై ఆరో ఏడు, అనూరాధ కార్తె, ఎనిమిదో రోజు

మెట్ల దాకా నడిచి వెళ్లాను. ఏడుగురూ నా నడకను కాళ్ల నుంచి నడుము దాకా చూశారు. గౌరమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని ముందుగా ఎక్కింది, వెనక మిగతా ఆరుగురు.

ఇంకా ఎనభై మూడు రేకులు ఉన్నాయి.